ముందు క్లబ్బు బీరువాలో ఏ అరలో డబ్బుందో చూడండి

ఉత్తరం: నమస్కారమండీ. మాది గుంటూరు. ఇప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటూ లా చదువుతున్నాను. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల తరఫున కాంట్రాక్టులు మాట్లాడే ఒక చిన్న ఏజెన్సీలో ఇంటర్న్‌గా చేరాను. మా బాస్ నాకూ మరో ఇద్దరికీ ఒక కల్పిత కేసు ఇచ్చి, ఆటగాడికి ఏం సలహా ఇవ్వాలో ఒక నోటు రాయమన్నారు. ఎవరి నోటు బాగుంటే వాళ్లని వచ్చే వేసవిలో బేరాలప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటానన్నారు. కేసు ఇది. ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, 33 ఏళ్ల ఫార్వర్డ్, 11 సీజన్ల అనుభవం. రెండేళ్ల కాంట్రాక్టు ఇప్పుడే ముగిసింది, చివరి ఏడు జీతం 90 లక్షల డాలర్లు. గతేడాది మోకాలికి చిన్న సర్జరీ జరిగింది. సొంత క్లబ్బు ఈ ఏటికి కనీస జీతం తీసుకోమంటోంది, "క్యాప్ వల్ల మా చేతులు కట్టేసి ఉన్నాయి, వచ్చే ఏడు మేం చూసుకుంటాం" అంటోంది. ఆ క్లబ్బు 14 మంది జీతాలు కలిపి ఇప్పటికే 20.10 కోట్ల డాలర్ల మీద ఉంది. ఇంకో క్లబ్బు పన్ను కట్టేవాళ్లకుండే మిడ్-లెవెల్ మినహాయింపు కింద రెండేళ్లకి 1.16 కోట్లు ఇస్తానంటోంది, కానీ రెండో ఏటికి గ్యారంటీ లేదు. ఆటగాడి భార్యకి ఊరు మారడం ఇష్టం లేదు, పెద్దమ్మాయి ఏడో తరగతి. అంకెలన్నీ 2025-26 సీజన్‌వి. నేను డాలస్ మావరిక్స్ ఆటగాడు డర్క్ నోవిట్స్కీని చూస్తూ ఆట మీద ప్రేమ పెంచుకున్నవాణ్ని. తక్కువకి ఒప్పుకుని సొంత జట్టులో ఉండడమే మర్యాద అనిపిస్తోంది. అలా రాయనా? - ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం: అలా రాయకండి. ఇంకా ఒక్క వాక్యం కూడా రాయకముందే మీరు క్లబ్బు మాట నమ్మేశారు. "క్యాప్ వల్ల చేతులు కట్టేసి ఉన్నాయి" అన్న మాట ఈ కేసులో నిజం కాదు. ఎందుకు కాదో వివరంగా చెబుతాను. మీ నోటు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

శాలరీ క్యాప్ అంటే ఒక తాళం వేసిన పెట్టె అనుకుంటారు చాలామంది. నన్నడిగితే అది అరలున్న బీరువా. జట్టు జీతాలన్నీ కలిపి ఇంత అని లీగ్ గీసిన గీతే క్యాప్, 2025-26లో అది 15.46 కోట్ల డాలర్లు. ఆ గీతకి కింద ఉన్న క్లబ్బు తనకి మిగిలినంతలో ఎవరికైనా ఇవ్వొచ్చు. గీత దాటిన క్లబ్బు మాత్రం నియమాలు అనుమతించిన అరల్లోంచే తీసివ్వాలి. ఒక్కో అరలో ఎంత ఉండాలో, ఎన్నేళ్లకి ఇవ్వొచ్చో ముందే రాసి ఉంటుంది. మిడ్-లెవెల్ ఒక అర: పెద్దగా ఖర్చు పెట్టని క్లబ్బుకి 1.41 కోట్లు, ఖర్చు బాగా పెరిగి మొదటి ఆప్రాన్ అనే గీత (దాని సంగతి కింద చెబుతాను) దాటేసిన క్లబ్బుకి 56.85 లక్షలు. కనీస జీతం ఇంకో అర, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అన్నింటికంటే లోతైన అర సొంత ఆటగాళ్లది. పాత బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్ పేరు మీద దాన్ని బర్డ్ హక్కు అంటారు. ఒక క్లబ్బులో మూడేళ్లు నిలిచిన ఆటగాడికి ఆ క్లబ్బు క్యాప్ దాటి గరిష్ఠ జీతం దాకా ఇవ్వొచ్చు. రెండేళ్లు నిలిచినవాడికి ఎర్లీ బర్డ్ హక్కు ఉంటుంది, అంటే పాత జీతంలో 175 శాతం దాకా.

ఇప్పుడు మీ కేసు మళ్లీ చదవండి. రెండేళ్ల కాంట్రాక్టు, ఒకే క్లబ్బు. అంటే ఎర్లీ బర్డ్. 90 లక్షలకి 175 శాతం కడితే 1.57 కోట్లు. క్యాప్ నియమాల ప్రకారం సొంత క్లబ్బు ఇతనికి అంత దాకా ఇవ్వొచ్చు. క్యాప్ ఎవరి చేతులూ కట్టలేదు.

మరి దేనికి భయపడుతున్నారు? ఆప్రాన్‌కి. క్యాప్‌కి చాలా పైన, ఖర్చు మరీ పెరగకుండా గీసిన గీతలవి. లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ మధ్య జరిగిన 2023 ఒప్పందం తర్వాత ఎన్‌బీఏలో అసలు గోడ అదే. 2025-26లో లగ్జరీ పన్ను గీత (దాటిన క్లబ్బు లీగ్‌కి పన్ను కట్టాలి) 18.79 కోట్ల దగ్గర, మొదటి ఆప్రాన్ 19.59 కోట్ల దగ్గర, రెండో ఆప్రాన్ 20.78 కోట్ల దగ్గర ఉన్నాయి. రెండో గీత దాటిన క్లబ్బుకి మిడ్-లెవెల్ అర పూర్తిగా మూతపడుతుంది. ట్రేడ్‌లో, అంటే క్లబ్బులు ఆటగాళ్లని మార్చుకునేటప్పుడు, ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోవడం కుదరదు. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కు (కొత్త ఆటగాణ్ని ఎంచుకునే హక్కు) కూడా స్తంభించిపోతుంది, దాన్ని ట్రేడ్ చేయలేరు. 2024లో టైటిల్ గెలిచిన బోస్టన్ ఏడాది దాటగానే తన ముఖ్యమైన ఆటగాళ్లు జ్రూ హాలిడేని, పోర్జింగిస్‌ని వదులుకుంది. అదంతా ఈ గీత కిందకి దిగడానికే. కాబట్టి క్లబ్బు భయం నాటకం కాదు. కానీ "ఇవ్వలేం" వేరు, "ఇంత దాటి ఇవ్వం" వేరు. మొదటి మాటకి బేరం లేదు. రెండో మాటలో ఒక అంకె దాగి ఉంటుంది, ఏజెంటు పని ఆ అంకెని బయటికి తీయడం.

మీరే తీయండి. రెండో ఆప్రాన్ 20.78 కోట్లు. క్లబ్బు 14 మందితో 20.10 కోట్ల మీద ఉంది. మధ్యలో మిగిలింది 68 లక్షలు. మీ ఆటగాడు పదిహేనోవాడు. అంటే గీత దాటకుండానే ఇతనికి అరవై లక్షల పైచిలుకు ఇచ్చే చోటు ఉంది. వాళ్లు ఇస్తానంటున్నది 36.34 లక్షలు, పదేళ్లు దాటిన ఆటగాడి కనీస జీతం. అందులోనూ ఒక కిటుకుంది, మీ తోటి ఇంటర్న్‌లు దీన్ని వదిలేస్తారని నా అనుమానం. ఒక్క ఏటి కనీస జీతం కాంట్రాక్టు అయితే క్లబ్బు తన జేబులోంచి ఇచ్చేది 22.96 లక్షలే, రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడికి ఇచ్చేంత. మిగతా పదమూడు లక్షల పైన లీగ్ భరిస్తుంది. పాతవాళ్లు ఖరీదని క్లబ్బులు కుర్రాళ్లనే పెట్టుకోకుండా చేసిన మంచి ఏర్పాటు అది. క్యాప్ లెక్కలోకీ ఆ 22.96 లక్షలే వస్తాయి. అంటే 90 లక్షలు తీసుకున్న మనిషిని ఇరవై మూడు లక్షల ఖర్చుతో ఉంచుకోవాలని చూస్తున్నారు. తప్పని అనను, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. మీ పని మీరు చేయాలి కదా!

ఇంకో వైపూ చూడాలి. పన్ను గీత మీద ఇంత ఎత్తున ఉన్న క్లబ్బుకి కొత్తగా ఇచ్చే ఒక్కో డాలరు జీతం వెనక కొన్ని డాలర్ల పన్ను వస్తుంది. మీరు అదనంగా ముప్పై లక్షలు అడిగితే యజమాని కళ్లకి కనిపించేది కోటి దాటిన బిల్లు. అది తెలియకుండా వెళ్లి "మావాడి విలువ 90 లక్షలండీ" అని కూర్చుంటే ఆ సంభాషణ అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. తెలిసి వెళ్తే మొదటి ప్రశ్నే మారిపోతుంది: "మావాడికి ఏ అరలోంచి ఇస్తున్నారు? ఎర్లీ బర్డ్ ఎందుకు వాడడం లేదు?" ఈ రెండు వాక్యాలు మీ నోటులో మొదటి పేరాలో ఉండాలి. అవతలి మనిషి ఫోన్‌లో ఒక్క క్షణం ఆగి అప్పుడు జవాబు చెబుతాడు. ఆ జవాబులో మీకు కావలసిన అంకె ఉంటుంది.

ఇక "వచ్చే ఏడు మేం చూసుకుంటాం" అన్న మాట. ఇది చదవగానే నాకు భయం వేసింది.

పైకి ఈ మాటకి ఒక తర్కం ఉంది. ఈ ఏడు కూడా అక్కడే ఆడితే మూడేళ్లు పూర్తవుతాయి, పూర్తి బర్డ్ హక్కు వస్తుంది, అప్పుడు ఎంతైనా ఇవ్వొచ్చు. సరిగ్గా ఈ దారిలోనే మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ క్లబ్బూ, జో స్మిత్ అనే ఫార్వర్డూ మునిగిపోయారు. 1999లో స్మిత్ తక్కువ జీతానికి ఒక్కో ఏటి కాంట్రాక్టులు మొదలుపెట్టాడు. బర్డ్ హక్కు వచ్చాక కొన్ని కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇస్తామని రహస్యంగా కాగితం రాసుకున్నారు. 2000లో అది బయటపడింది. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ కాంట్రాక్టులు రద్దు చేశారు, క్లబ్బుకి 35 లక్షల డాలర్ల జరిమానా వేశారు, అయిదు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు లాగేసుకున్నారు. తర్వాత రెండు తిరిగిచ్చారు. స్మిత్‌కి కూడబెట్టుకున్న బర్డ్ హక్కు పోయింది, వేరే ఊరికి, డెట్రాయిట్‌కి వెళ్లి ఆడుకోవాల్సి వచ్చింది. గమనించండి: క్యాప్‌ని తప్పించుకునే ఇలాంటి మాట నోటితో ఇచ్చినా, కాగితం మీద రాసినా లీగ్ నియమాలకి విరుద్ధమే. రాసుకుంటే నేరం, రాసుకోకపోతే నీటి మూట. అలాంటి మాటకి ఇరవై లక్షల డాలర్లు వదులుకోమని ఏ ఆటగాడికైనా ఎలా చెబుతాం?

జేమ్స్ హార్డెన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2022లో ఫిలడెల్ఫియాలో మరో ఏడు 4.73 కోట్లకి కొనసాగే ఆప్షన్ వదులుకుని ఆ ఏటికి 3.3 కోట్లకి సంతకం చేశాడు. అలా దొరికిన చోటులో క్లబ్బు పీజే టక్కర్‌ని తెచ్చుకుంది. అప్పటికి టక్కర్ వయసు 37, మూడేళ్లకి 3.3 కోట్లు. ముప్పై ఏడేళ్ల వయసులో, సగటున మ్యాచ్‌కి పది పాయింట్లు కూడా చేయని మనిషికి అంత ఎలా వచ్చింది? మిడ్-లెవెల్ అర తెరుచుకుంది, అతను ఆ అరకి సరిపోయాడు, సరైన రోజున తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అంతే. వదులుకున్నవాడి కథ మరోలా నడిచింది. ఏడాది తిరిగేసరికి హార్డెన్ క్లబ్బు అధ్యక్షుణ్ని బహిరంగంగా అబద్ధాలకోరు అన్నాడు, లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది, చివరికి క్లిప్పర్స్‌కి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరి మధ్య నిజంగా ఏం మాట నడిచిందో మనకి అక్కర్లేదు. కాగితం మీద లేనిదాన్ని అడిగే చోటు ఎక్కడా ఉండదు, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

నా మొదటి ఉద్యోగంలో నాకూ ఇలాంటి మాటే ఇచ్చారు. ఈ ఏడు సర్దుకో, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఆ మాట ఇచ్చినాయన మంచివాడే, అబద్ధం చెప్పలేదు. ఎనిమిది నెలలకి ఆయనే ఉద్యోగం మారిపోయాడు. కొత్తగా వచ్చినాయనకి నేనెవరో కూడా తెలియదు. క్లబ్బుల జనరల్ మేనేజర్లూ అంతే, ఒక చెడ్డ సీజన్ చాలు కుర్చీ మారడానికి. అప్పటికి మీ ఆటగాడికి 34 నిండుతాయి, మోకాలికి మరో ఏడు వయసొస్తుంది.

డర్క్ గురించి మీరు రాసిన వాక్యం నాకు నచ్చింది. అరీనా బయట ఆయన విగ్రహం దగ్గర ఫొటో దిగని తెలుగు కుటుంబం మీ వైపు అరుదేమో. 2014లో వేరే క్లబ్బులు దాదాపు 9.7 కోట్లు ఇస్తామంటే కాదని డాలస్‌లో మూడేళ్లకి 2.5 కోట్లకి ఉండిపోయాడు. ఎంత గొప్ప మనసో! కానీ ఆ కథ చివరిదాకా చదవండి. మిగిల్చిన చోటులో క్లబ్బు చాండ్లర్ పార్సన్స్‌కి మూడేళ్లకి 4.6 కోట్లు ఇచ్చింది. ఆ తర్వాత డర్క్ ఆడిన ఐదు సీజన్లలో మావరిక్స్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. అదే పని చేసిన శాన్ ఆంటోనియో ఆటగాడు టిమ్ డంకన్‌కి 2014లో టైటిల్ వచ్చింది. తగ్గించుకున్న డబ్బు ఎలా ఖర్చవుతుందో తగ్గించుకున్నవాడి చేతిలో ఉండదు. పైగా వాళ్లిద్దరూ అప్పటికే గరిష్ఠ జీతాలు ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లు, టైటిళ్లు గెలిచినవాళ్లు, ఆ ఊళ్లకి ఇంటిమనుషులు. మీ కేసులో ఉన్నవాడు రెండేళ్ల కింద ఆ ఊరొచ్చాడు. ఇంకో రెండు మూడు సంతకాలతో అతని సంపాదన అయిపోతుంది, ఆ తర్వాత నలభై ఏళ్ల బతుకు ఉంది. ఆటగాడు తక్కువ తీసుకుంటే త్యాగం, యజమాని తక్కువ ఇస్తే తెలివి అనే అలవాటు అభిమానుల్లో ఉంది. అది నాకు బాధ కలిగిస్తుంది. మీరు అభిమానిగా ఉండండి, నోటు మాత్రం ఆటగాడి మనిషిగా రాయండి.

ఇప్పుడు రెండో క్లబ్బు ఇస్తానన్నది చూద్దాం. 56.85 లక్షలు, రెండో ఏటికి అయిదు శాతం పెంపుతో 59.69. రెండూ కలిపితే మీరు రాసిన 1.16 కోట్లు. కానీ గ్యారంటీ మొదటి ఏటికే కాబట్టి దీన్ని 1.16 కోట్ల కాంట్రాక్టు అని నోటులో ఎక్కడా రాయకండి. ఇది 56.85 లక్షల కాంట్రాక్టు, రెండో ఏడు క్లబ్బు ఇష్టం. క్రిస్ పాల్‌ని చూడండి. 2021లో ఫీనిక్స్‌తో నాలుగేళ్లకి 12 కోట్లు అని పత్రికలన్నీ రాశాయి. మూడో ఏటికి గ్యారంటీ సగమే, నాలుగో ఏటికి అసలు లేదు. 2023లో ఆయన్ని ట్రేడ్ చేశారు, వాషింగ్టన్ మీదుగా గోల్డెన్ స్టేట్ చేరాడు. 2024 వేసవిలో వాళ్లు వదిలేశారు, మూడు కోట్ల డాలర్ల ఆ చివరి ఏడు గాలికి పోయింది. తర్వాత శాన్ ఆంటోనియోలో ఒక ఏటికి కోటికి కాస్త పైన దొరికింది. ఆటగాళ్ల యూనియన్‌కి ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్న మనిషికే ఇలా జరిగింది. గ్యారంటీ లేని ఏడు ట్రేడ్‌లో క్లబ్బుకి పనికొచ్చే బిళ్ల అవుతుంది, ఆటగాడికి అందులో వచ్చే డబ్బేమీ లేదు.

గ్యారంటీ ఉంటే ఏమవుతుందో డేమియన్ లిలార్డ్ చూపించాడు. 2025 ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్‌లో మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగింది. జూలైలో మిల్వాకీ వదిలేసింది. అయినా మిగిలిన రెండేళ్ల 11 కోట్ల పైచిలుకు అతనికి అందుతుంది. క్లబ్బు దాన్ని అయిదేళ్ల మీద పరిచి లెక్క రాసుకుంది, ఏటా 2.25 కోట్ల చొప్పున. మిగిలిన ఏళ్లకి రెట్టింపు, దాని మీద ఒకటి, అదీ ఆ నియమం. అతను హాయిగా పోర్ట్‌లండ్ తిరిగెళ్లి మరో 4.2 కోట్ల కాంట్రాక్టు చేసుకున్నాడు. కాలు దెబ్బతిన్న మనిషికి నిద్ర పట్టించేది అదొక్కటే, గ్యారంటీ.

కాబట్టి రెండో క్లబ్బుతో బేరం మొదటి ఏటి అంకె మీద కాదు. అది ఆ అరలో ఉన్న మొత్తం, ఒక్క డాలరు కూడా పెరగదు. బేరం రెండో ఏటి మీద. మూడు మెట్లుగా అడగండి. మొదట, రెండో ఏటి ఆప్షన్ ఆటగాడి చేతికి ఇమ్మనండి. అల్ హోర్‌ఫర్డ్‌కి 39 ఏళ్ల వయసులో 2025లో గోల్డెన్ స్టేట్ ఇదే అరలోంచి, ఇదే రెండేళ్లకి, ఆటగాడి ఆప్షన్‌తో ఇచ్చింది. 33 ఏళ్లవాడికి ఎందుకివ్వరు? కుదరకపోతే రెండో ఏట్లో సగానికి గ్యారంటీ. అదీ కుదరకపోతే తేదీ అడగండి.

తేదీ దగ్గర కాస్త ఆగి చెప్పాలి, కొత్తవాళ్లు తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. గ్యారంటీ లేని జీతం దానంతటదే ఖాయమయ్యేది జనవరి 10న. కాంట్రాక్టులో వేరే తేదీ రాసుకోకపోతే క్లబ్బు అతన్ని వేసవంతా, శిక్షణ శిబిరమంతా, డిసెంబరు దాకా అట్టే పెట్టుకుని అప్పుడు వదిలేయొచ్చు. జనవరిలో బయటికొచ్చిన 34 ఏళ్లవాడికి ఏం మిగులుతుంది? అందరి అరలూ జూలై రెండో వారానికే ఖాళీ అయిపోయి ఉంటాయి, కనీస జీతం తప్ప. అందుకే గ్యారంటీ తేదీ జూన్ ఆఖరున, బయటి క్లబ్బులతో బేరాలు మొదలయ్యే ముందు రోజుకి ఉండాలి. ఉంచుకుంటారా, అప్పుడే చెప్పాలి. వదిలేస్తారా, మార్కెట్లో డబ్బున్నప్పుడే వదలాలి. ఈ తేదీ మార్పుకి క్లబ్బుకి ఆ రోజు పైసా ఖర్చు లేదు, అందుకే దొరికే అవకాశం ఎక్కువ. నాకైతే ఇలాంటి కేసులో జీతం తర్వాత అంత విలువైన గీత ఇదే.

ఇక మోకాలు. మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేశారు. పాత గాయం ఉన్న ఆటగాడి కాంట్రాక్టుకి క్లబ్బు ఒక అనుబంధం జతచేయమనొచ్చు: ఫలానా పాత గాయం తిరగబెట్టి ఆడలేకపోతే ఆ మేరకి గ్యారంటీ వర్తించదు అని. పైన 56.85 లక్షలకి పూర్తి గ్యారంటీ అని పెద్దక్షరాల్లో ఉండి, అనుబంధంలో కుడి మోకాలు అని రెండు మాటలుంటే, నిజంగా గ్యారంటీ లేనట్టే. ఎందుకంటే ఇతను ఆగిపోతే ఆ మోకాలి వల్లే ఆగిపోతాడు. సర్జరీ చేసిన డాక్టరు నివేదిక, ఆ తర్వాత ఆడిన మ్యాచ్‌లు, వరుస రాత్రుల్లో ఆడిన నిమిషాలు ముందే సిద్ధం చేసుకోండి. ఆ అనుబంధం లేకుండా అడగండి. తప్పదంటే ఏ గాయానికో, ఎంతవరకో కచ్చితంగా రాయించండి. ఇది చూడకుండా రెండు క్లబ్బుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం పనికిరాని పని.

బోనస్‌లు అడుగుదామనిపిస్తుంది, ఫలానా మ్యాచ్‌లు ఆడితే ఇంత అని. ఆప్రాన్ అంచున ఉన్న క్లబ్బు దగ్గర అవి కష్టం. రావడం అనుమానమైన బోనస్ కూడా ఆప్రాన్ లెక్కలో కలుస్తుంది. ట్రేడ్ చేయకూడదన్న క్లాజు అయితే ఇతనికి అర్హతే లేదు, లీగ్‌లో ఎనిమిదేళ్లతో పాటు ఒకే క్లబ్బులో నాలుగేళ్లు ఉండాలి. ఒక చిన్న రక్షణ మాత్రం ఉంది. సొంత క్లబ్బులో ఒక్క ఏటికే సంతకం చేస్తే, ఆ ఏడాది చివర బర్డ్ హక్కు రాబోతుంది కాబట్టి, ఇతని ఒప్పుదల లేకుండా ట్రేడ్ చేయడానికి లేదు. 2023 నుంచి ఆ రక్షణని వదులుకుంటున్నట్టు కాంట్రాక్టులోనే రాయించుకోవచ్చు. క్లబ్బు ఆ వాక్యం పెట్టిందంటే "ఇక్కడే ఉంచుకుంటాం" అన్న మాటకి ఎంత విలువో తేలిపోతుంది. పెద్దమ్మాయి స్కూలు గురించి ఆలోచిస్తున్న తల్లికి ఈ ఒక్క వాక్యం అన్నింటికంటే ముఖ్యం కావచ్చు.

ఇవన్నీ పెట్టుకుని నేనైతే ఇలా వెళ్తాను. ఫైనల్స్ ముగిసిన మరుసటి రోజు నుంచే సొంత క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు, బయటివాళ్లతో జూన్ 30 సాయంత్రం దాకా ఆగాలి. కాబట్టి ఆ మధ్య రోజులు సొంత క్లబ్బువి. ఎర్లీ బర్డ్ కింద చేసే కాంట్రాక్టు కనీసం రెండేళ్లది అయ్యుండాలన్నది నియమం, అది మనకి మంచిదే. మొదటి ఏటికి 60 లక్షలు అడగండి. రెండో ఆప్రాన్ కిందే ఉంటారు, సీజన్ మధ్యలో వాళ్ల అవసరానికి కాస్త చోటు మిగులుతుంది. ఆ మిగిలిన చోటు సంగతి మీరే ముందు ప్రస్తావిస్తే వాళ్ల లెక్క మీకు తెలుసని అర్థమవుతుంది. రెండో ఏటికి ఎనిమిది శాతం పెంపు, 64.8 లక్షలు, అందులో సగానికి గ్యారంటీ, తేదీ జూన్ ఆఖరు. వాళ్లు దిగి 50 లక్షలంటే? రెండో ఏటి గ్యారంటీ నిలబడితే నేను ఒప్పుకోమంటాను. ఇల్లు మారనక్కర్లేదు, పాపని బడి మార్పించనక్కర్లేదు, వచ్చే ఏటి డబ్బు కొంతైనా కాగితం మీద ఉంది. కనీస జీతం దగ్గరే బిగుసుకు కూర్చుంటే మాత్రం జూన్ 30 సాయంత్రం రెండో క్లబ్బుకి మొదటి ఫోన్ మీదే అవ్వాలి. ఆ క్లబ్బు లెక్క కూడా ముందే చూసుకోండి. ఆ అర తెరిస్తే వాళ్లకి రెండో ఆప్రాన్ దాటరాని గోడ అవుతుంది, దాని కింద నిజంగా చోటుందో లేదో. జూలై 6 దాకా ఇలాంటి సంతకాలు ఉండవు కానీ, అసలు మాటలన్నీ మొదటి రెండు రోజుల్లో తేలిపోతాయి. ఆలోచించుకుని చెబుతాం అన్నవాళ్లకి ఆ అరలో ఇంకా డబ్బు ఉండకపోవచ్చు.

చేతికొచ్చే డబ్బు కూడా ఒక వరుసలో వేయండి. లీగ్ ఆదాయం లెక్క తేలేదాకా ఎస్క్రో కింద పది శాతం పట్టుకుంటారు, ఏజెంటు వాటా ఉంది, ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే ఆ రాష్ట్రపు పన్ను ఉంది. రెండో క్లబ్బు మీ టెక్సాస్‌లాగా ఆదాయపు పన్ను లేని రాష్ట్రంలో ఉంటే తేడా మీరు అనుకున్నదానికంటే పెద్దదే అవుతుంది. కేసులో ఆ ఊళ్ల పేర్లు ఇచ్చి ఉంటారు, చూడండి.

ఒక సంగతి అడగాలనిపిస్తోంది. మీ ఉత్తరంలో క్లబ్బు ఏమందో ఉంది, భార్య ఏమందో ఉంది, మీకేమనిపిస్తోందో ఉంది. ఆటగాడు ఏమన్నాడో ఎక్కడా లేదు. ఇంకా ఎన్నేళ్లు ఆడాలనుకుంటున్నాడు? ఒక్క ఏడా, నాలుగా? మ్యాచ్‌కి పన్నెండు నిమిషాలు ఆడుతూ టైటిల్ కోసం కూర్చోగలడా, పాతిక నిమిషాలు ఆడకపోతే నిలవలేడా? పొద్దున్నే లేచి మెట్లు దిగేటప్పుడు ఆ మోకాలు ఎలా ఉంటోంది? కల్పిత కేసే అయినా, నోటు రాసే ముందు మీ బాస్ గది తలుపు తట్టి ఈ మూడూ అడగండి. జవాబు "ఒక్క ఏడే ఆడి మానేస్తాడు" అని వస్తే రెండో ఏటి గురించి నేను పైన రాసినదంతా కొట్టేసి, మొదటి ఏటి అంకె కోసమే పట్టుబట్టండి.